అరగడం, ఒంటబట్టడం

తిన్న కూటి విషయంలో తెలుగుకు రెండు మాటలున్నాయి. తిన్నది అరగలేదంటే అది ఆ పూట బాధ. వాము నమిలితేనో, నాలుగడుగులు నడిస్తేనో తీరిపోతుంది. తిన్నది ఒంటబట్టలేదంటే మాత్రం పూటతో పోయే సంగతి కాదు. మూడు పూటలా సంగటి తింటూ, కడుపునొప్పి అనే మాటే ఎత్తని పిల్లవాడు ఒళ్లు చేయకపోతే ఇంట్లో పెద్దవాళ్లు ఈ రెండో మాట వాడతారు. కూడు లోపలికి పోయింది, కరిగింది, అయినా వాడిగా మారలేదు. చదువుకూ ఇదే మాట. బడికి పోయినా చదువు ఒంటబట్టలేదంటారు, అరగలేదనరు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ ఊహ ఒక్క తెలుగుకే చెందింది కాదు. మూడు రాష్ట్రాల ఎల్లలు దగ్గరపడే కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో "ఒడంబుల ఒట్టలె" అంటారు, కన్నడం మాట్లాడే ఇళ్లలో "మైగె హత్తలిల్ల" అంటారు. రెండింటికీ అర్థం ఒంటికి అంటుకోలేదనే. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఊళ్లో మూడు భాషలూ ఒకే పోలికను పంచుకోవడం వింతేమీ కాదు. ఆ పోలిక అడుగున ఒక తత్త్వప్రశ్న ఉంది. తినేవాడు కానిది, ఏ చోట, ఏ క్షణాన తినేవాడవుతుంది? అరగడం ఎలాగో శరీరశాస్త్రం చాలావరకు తేల్చింది. ఒంటబట్టడం అంటే ఏమిటో ఉపనిషత్తులు, తర్కం, ఆయుర్వేదం తలో రకంగా చెప్పాయి.

రాగి సంగటిని నమలరు. చిన్న ముద్ద తుంచి, పులుసులోనో ఊరుబిండిలోనో అద్ది మింగుతారు. మనిషికి రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలంలో పిండిపదార్థాన్ని చక్కెరలుగా తుంచే ఎమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. నమలని ముద్దతో దానికి నోట్లో పెద్దగా పని దొరకదు. కానీ అది ముద్దతోపాటే కడుపులోకి దిగి, ఆమ్లం లోపలిదాకా చొరబడేవరకు ముద్ద నడుమ తన పని తాను చేసుకుంటుంది. నోటి దగ్గర మనిషి ఇష్టం చెల్లుతుంది: నమలవచ్చు, ఉమ్మేయవచ్చు, మింగవచ్చు. గొంతు దాటాక చెల్లదు. పాతిక సెంటీమీటర్ల అన్నవాహికలో కండరాల అల పది సెకన్లలోపే ముద్దను కిందికి దించుతుంది. తలకిందులుగా వేలాడుతూ మింగినా అది కడుపులోకే చేరుతుంది. అక్కడి నుంచి మలద్వారం దాకా జరిగే పనులేవీ తినేవాడిని అడిగి జరగవు.

సంప్రదాయం తన కర్మను సరిగ్గా ఈ గడప దగ్గరే పెట్టింది. విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, ఔపోశనం పట్టి, ప్రాణం, అపానం, వ్యానం, ఉదానం, సమానం అనే అయిదు వాయువులకు అయిదు ఆహుతులు పంటికి తగలకుండా మింగడం ప్రాణాగ్నిహోత్రం. ఛాందోగ్యోపనిషత్తు అయిదో అధ్యాయంలో దీని మూలం ఉంది. కడుపు అక్కడ హోమకుండం, అన్నం హవిస్సు. భగవద్గీత పదిహేనో అధ్యాయం ఇంకాస్త ముందుకు పోయి, ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి నాలుగు విధాల అన్నాన్ని పచనం చేసేది పరమాత్మేనంటుంది. భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం అని వ్యాఖ్యాతలు ఆ నాలుగింటినీ లెక్కపెట్టారు. ఇందులో భక్తి ఎంత ఉందో గమనింపూ అంతే ఉంది. "తింటున్నాను" అనేవాడు నిజంగా చేసే పని మింగడం వరకే. ఇంతకూ పంటికి తగలకుండా మింగే ఆహుతులు అయిదే. సంగటి తినేవాడు పళ్లెం ఖాళీ అయ్యేదాకా అదే చేస్తాడు, మంత్రమొక్కటే తక్కువ.

ఆ అగ్ని ఎలాంటిదన్నది తర్వాతి ప్రశ్న. తెలుగువాడని పండితులు చెప్పే పదిహేడో శతాబ్దపు తార్కికుడు అన్నంభట్టు, తర్కసంగ్రహంలో తేజస్సును నాలుగు రకాలు చేశాడు: నేల మీది నిప్పు, ఆకాశంలోని మెరుపు, గనిలో పుట్టే బంగారం, తిన్నదాన్ని మార్చే పొట్టలోని ఉదర్యం. బంగారం నిప్పు ఎలా అయిందన్నది వేరే పెద్ద వాదం. పొట్టలో మాత్రం మంట లేదు, అక్కడి వేడి ఒంటి వేడే, సుమారు 37 డిగ్రీలు. ఉన్నది పీహెచ్ 1.5 నుంచి 2 దాకా ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను తుంచే పెప్సిన్. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పనివాడికి తుపాకి గుండు తగిలి పొట్టకు కన్నం పడింది. గాయం మానింది, కన్నం మూసుకోలేదు. అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ కన్నంలోంచి దారం కట్టిన తిండి ముక్కలు దించి, పైకి తీసి చూశాడు. తోడిన రసం ఒంటి బయట గాజుపాత్రలోనూ మాంసాన్ని కరిగించింది. 1833లో అచ్చయిన ఆయన పుస్తకం తర్వాత, అరగడానికి ప్రాణశక్తి అనే వేరే వస్తువు అక్కర్లేదని ఒప్పుకోక తప్పలేదు.

ఇంకో మలుపు ఉంది. పిండిపదార్థమైనా, మాంసకృత్తైనా, కొవ్వైనా తెగే ప్రతి బంధం దగ్గర ఒక నీటి అణువు చేరుతుంది. అరగడమంటే రసాయన భాషలో నీటితో విరవడం. నిప్పు చేస్తుందనుకున్న పని నీరు చేస్తోంది. మండటమూ జరుగుతుంది కానీ పొట్టలో కాదు. ఒంటబట్టిన తర్వాత, ఒంటి కణాల్లో, ఊపిరి తెచ్చిన ఆక్సిజన్‌తో, పొగ లేకుండా జరుగుతుంది. ఊపిరి ఒక నెమ్మదైన మంట అని రసాయనవేత్త లవోజియే 1780లలోనే చూపించాడు. వైశ్వానరుడు ఉన్నాడు, చిరునామా మారింది. దీన్ని పట్టుకుని ఉపనిషత్తుల్లోనే ఎంజైములున్నాయని చాటడం ఉపనిషత్తుకూ రసాయనశాస్త్రానికీ కూడా అన్యాయం.

అసలు తిండిని ఇంత చిన్నగా ఎందుకు విరవాలి? దీనికి తెలుగిళ్లలో పాత జవాబు ఒకటి ఉంది. పాలు పట్టిన బిడ్డ పొట్ట నిమురుతూ తల్లి వాతాపి పేరు తలుస్తుంది. వాతాపి మేకగా మారి, వండించుకుని, అతిథి కడుపులోకి పోయేవాడు. అన్న ఇల్వలుడు పేరుపెట్టి పిలిస్తే పొట్ట చీల్చుకుని వచ్చేవాడు. అగస్త్యుడి కడుపులో మాత్రం, పిలిచినా పలకడానికి వాతాపి మిగల్లేదు. తినబడ్డాక కూడా తన పేరు తాను గుర్తుంచుకునే తిండి తిన్నవాడికే ప్రమాదమని ఈ కథ చెబుతుంది. శరీరశాస్త్రం చెప్పేదీ అదే. రాగిలోని మాంసకృత్తు రాగిది, శెనక్కాయలోది శెనక్కాయది. ఏది ఎవరిదో ఆ అమరిక మీద రాసి ఉంటుంది. తుంచి తుంచి ఇరవై రకాల అమైనో ఆమ్లాల దాకా తెచ్చాక ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పేరు పోయాకే లోపలికి ప్రవేశం. శెనక్కాయల సీమలో ఉండి చెప్పవలసిన సంగతి ఇంకొకటి: ఆ కాయలోని కొన్ని మాంసకృత్తులు పెప్సిన్‌కు సులువుగా లొంగవు. వాటిని శత్రువులుగా గుర్తుపట్టే ఒళ్లున్నవారికి ఒక్క గింజ చాలు, గొంతు వాచి ఊపిరాడకుండా చేయడానికి. ఇల్వలుడి పిలుపుకు వాతాపి పలికినట్టే.

ఈ నియమానికి పుంగనూరు ఆవు దూడ దగ్గర ఒక మినహాయింపు దొరుకుతుంది. ఆవుకు కడుపులోని దూడకు రోగనిరోధకాలను అందించే దారి లేదు. అందుకే పుట్టిన తొలి రోజున దూడ పేగు తలుపులు తెరుచుకుని ఉంటాయి. జున్నుపాలలోని తల్లి నిరోధకాలు విరగకుండా, పేరుతో సహా, రక్తంలోకి పోతాయి. ఒకరోజు గడిచేసరికి తలుపులు మూసుకుంటాయి. ఆ తర్వాత అవే పాలు తాగినా అవి అరిగిపోయే తిండి మాత్రమే. ఇంట్లో జున్ను వండకముందు దూడకు కడుపునిండా విడవాలన్న రైతు పట్టింపుకు అర్థం ఇది.

విరిగి, మళ్లీ కూడటం గురించి తార్కికులకు ముందే ఒక తగవుంది. పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడితే మారింది ఏమిటి? వైశేషికులు కుండ అణువుల దాకా విడిపోయి, అణువులు రంగు మారి, తిరిగి కుండగా కూడతాయన్నారు. ఇది పీలుపాకం. నైయాయికులు కుండ కుండగా ఉండగానే మారుతుందన్నారు. ఇది పిఠరపాకం. కుండ విషయంలో నైయాయికుల మాటే నమ్మబుద్ధవుతుంది. కూటి విషయంలో వైశేషికులే గెలిచారు. తినబడ్డ మాంసం ఏనాడూ మాంసంగా తిన్నవాడి మాంసంలో చేరదు.

కడుపు దాటిన జావ చిన్నపేగు మొదటి పాతిక సెంటీమీటర్లలో పడుతుంది. అక్కడికి కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి లీటరుకు పైగా క్షారరసం వస్తాయి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, శరీరానికి తనదైన తెలివి ఉందని, రుచులూ అలవాట్లూ పెట్టుకుని ఆలోచన దాన్ని మొద్దుబారుస్తుందని ప్రసంగాల్లో చెబుతుండేవారు. ఆయన చిన్న పిల్లవాడిగా ఉన్నప్పుడు లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఆ తెలివిని ఒకచోట పట్టుకున్నారు. 1902లో వాళ్లు పేగు తుండుకు పోయే నరాలన్నీ కోసేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం ఊరింది. వార్త నరం మీదుగా పోలేదు, రక్తంలో పోయింది. సెక్రెటిన్ అని పేరుపెట్టిన ఆ వార్తాహరే మనిషికి తెలిసిన మొదటి హార్మోను.

క్లోమం దగ్గర తినడానికీ తినబడటానికీ నడుమ గీత చాలా సన్నం. అది తయారుచేసే ఎంజైములు క్లోమాన్నే తినేయగలవు. అందుకే వాటిని నిద్రపుచ్చి పంపుతుంది, పేగులో పడ్డాకే మరో ఎంజైము వాటిని లేపుతుంది. ఆ మేలుకొలుపు ముందే జరిగితే గ్రంథి తనను తాను అరిగించుకుంటుంది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి చివర్లో జ్ఞాని తాను అన్నాన్నీ, అన్నం తినేవాణ్నీ కూడా అని పాడతాడు. అది పారవశ్యపు పాట. క్లోమపు వాపుతో మెలికలు తిరిగే రోగి దగ్గర అదే మాట అక్షరాలా నిజమై కూర్చుంటుంది. కృష్ణమూర్తి 1986 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహైలో కన్నుమూసింది కూడా క్లోమ క్యాన్సర్‌తోనే. ఒంటికి తెలివి ఉన్న మాట నిజమే. ఆ తెలివి తప్పుదారి పట్టడమూ నిజమే.

ఒంటబట్టే చోటు చిన్నపేగు. దాదాపు ఆరు మీటర్ల గొట్టం. లోగోడ మడతలు, మడతల మీద వేలి ఆకారపు చూషకాలు, చూషకాల కణాల మీద ఇంకా సన్నని నూగు. విప్పి పరిస్తే సుమారు ముప్పై చదరపు మీటర్లని ఇటీవలి కొలతలు చెబుతున్నాయి. పాత పుస్తకాలు టెన్నిస్ కోర్టంత అని రాసేవి. ఇక్కడిదాకా వచ్చిన తిండి ఇంకా ఒంటి బయటే ఉందన్నది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. పూసకున్న బెజ్జం పూస లోపల ఉన్నా పూస కాదు. నోటి నుంచి మలద్వారం దాకా ఉన్న దారీ అంతే. మింగిన పైసా నాలుగు రోజులకు బయటపడితే అది ఒక్క క్షణం కూడా ఆ మనిషిలో భాగం కాలేదు. లోపలికీ బయటికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క కణం మందం.

ఆ గోడ దాటడానికి ఒక్కో సరుకుకు ఒక్కో పద్ధతి. గ్లూకోజు ఒంటరిగా దాటదు, సోడియం చెయ్యి పట్టుకుని దాటుతుంది, వాటి వెనక నీరు నడుస్తుంది. విరేచనాల పిల్లవాడికి ఉప్పూ చక్కెరా రెండూ కలిపిన నీళ్లే ఎందుకు పట్టాలో దీనితో తెలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లతోనే కలరా రోగులను కాపాడాడు. కొవ్వులు రక్తంలోకి సూటిగా పోవు. రసనాళాల దారిలో పైకెక్కి, ఎడమ మెడ దగ్గర సిరలో కలుస్తాయి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు ముందు కాలేయం గడప తొక్కాలి.

ఉన్నదంతా దాటదు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటుంది. బియ్యం దానికి దరిదాపుల్లో లేదు. కానీ గింజలోని ఫైటేట్ ఆ సున్నంలో కొంత భాగాన్ని గట్టిగా పట్టుకుని పేగు గోడ దగ్గరికి రానివ్వదు. రాగులను మొలకెత్తించినప్పుడు, అంబలిని రాత్రంతా పులవబెట్టినప్పుడు ఆ పట్టు సడలుతుంది. పళ్లెంలో ఉండటం, అరగడం, ఒంటబట్టడం మూడు వేరు వేరు సంగతులని మొలకల రాగిపిండి చేసే ఇల్లాలికి పట్టిక చూడకుండానే తెలుసు.

ఒంటబట్టకపోవడానికి తెలుగులో ఒక రోగం పేరే ఉంది, క్షయ. ఆయుర్వేదం ప్రకారం అన్నం మొదట రసమై, రసం రక్తమై, అలా మాంసం, మేదస్సు, ఎముక, మజ్జ, శుక్రం దాకా ఏడు ధాతువులుగా వరసగా మారుతుంది. ఆ వరస దెబ్బతిని ధాతువులు తరిగిపోవడమే క్షయ. మదనపల్లె పక్క ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ వైద్యశాల మందులు లేని ఆ రోజుల్లో నమ్ముకున్నది విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. రోగానికి మూలం ఊపిరితిత్తుల్లోని సూక్ష్మజీవి అని 1882లోనే కోఖ్ చూపించాడు. అయినా రోగిని చూసినవారికి కనపడేది తిన్నది ఒంటబట్టకపోవడమే. కారణం మారినా పేరు మారలేదు.

ఒంటబట్టినది ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకు జవాబు 1930ల దాకా దొరకలేదు. రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే శాస్త్రవేత్త భార పరమాణువులతో గుర్తుపెట్టిన తిండిని ఎలుకలకు పెట్టాడు. తిన్నది కాలిపోయి పోతుందని, ఒళ్లు మాత్రం యంత్రంలా కదలకుండా ఉంటుందని అప్పటి నమ్మకం. గుర్తున్న పరమాణువులు రోజుల్లోనే ఒంటి కొవ్వులో, మాంసకృత్తుల్లో చేరాయి, పాతవి బయటికి పోయాయి. చిన్నపేగు గోడ కణాలైతే మూడు నుంచి అయిదు రోజులకే రాలిపోతాయి. రాలినవి పేగులో పడి, అరిగి, మళ్లీ ఒంటబడతాయి. పరాయిది తనదయ్యే ఆ ఒక్క కణపు గోడ తానే ఎప్పటికప్పుడు కూడవుతోంది. తైత్తిరీయం అన్నమయమన్న శరీరాన్ని తర్వాతి వేదాంతులు అన్నమయ కోశమన్నారు. కోశమంటే ఒర. ఇక్కడ ఒర కూడా నిలకడగా లేదు, పారే ఏటిలో సుడి ఆకారం నిలిచినట్టు నిలిచి ఉంది.

రోజూ చిన్నపేగులోకి చేరే తొమ్మిది లీటర్ల నీటిలో ఒకటి, ఒకటిన్నర లీటర్లే పెద్దపేగుకు మిగులుతాయి, మలంతో పోయేది నూట యాభై మిల్లీలీటర్లు. పెద్దపేగులో అరగని పీచును బాక్టీరియా పులియబెడతాయి. సగటు మనిషిలో అవి ముప్పై ఎనిమిది లక్షల కోట్లని, మనిషి సొంత కణాలు ముప్పై లక్షల కోట్లని 2016లో ఒక లెక్క వచ్చింది. పీచును అవి బ్యూటిరేట్‌గా మారిస్తే పెద్దపేగు కణాలు దానితో బతుకుతాయి.

మనిషిలో కొసరుగా ఉన్న ఈ ఏర్పాటు ఆవులో అసలు కాపురం. సుమారు మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవు ఎండుగడ్డితో నెట్టుకొస్తుందని పేరు. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుకొస్తోంది. నిజానికి ఏ ఆవూ గడ్డిని అరిగించుకోలేదు. మొదటి అరలో సూక్ష్మజీవులు గడ్డిని తింటాయి, నాలుగో అరలో ఆవు ఆ సూక్ష్మజీవులను అరిగించుకుంటుంది. నడుమ గడ్డి నెమరుకు పైకొస్తుంది. పాత సంగతులను తలుచుకోవడాన్నీ తెలుగు నెమరువేయడమనే అంటుంది. వేదాంతంలో శ్రవణానికీ నిదిధ్యాసనకూ నడుమ ఉన్న మననం ఇదే పని. విన్నది ముందు దాచుకోవాలి, తర్వాత తీరిగ్గా పైకి తెచ్చి నమలాలి.

తిండి మనసు అవుతుందా అన్న ప్రశ్నకు ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఒక ప్రయోగం ఉంది. తిన్న అన్నంలో ముతక భాగం మలం, నడిమిది మాంసం, సూక్ష్మమైనది మనస్సు అవుతాయని ఉద్దాలకుడు కొడుకుతో అంటాడు. పన్నెండేళ్లు గురుకులంలో చదివొచ్చిన శ్వేతకేతువుకు అది ఎక్కదు. పదిహేను రోజులు తినవద్దని, నీళ్లు మాత్రం కావలసినన్ని తాగమని తండ్రి చెబుతాడు. పదహారో రోజు వేదం చెప్పమంటే ఏదీ తోచడం లేదంటాడు కొడుకు. పెద్ద మంట ఆరి మిణుగురంత నిప్పు మిగిలితే అదేం కాల్చగలదంటాడు తండ్రి, పోయి తినిరమ్మంటాడు.

ఒంటి బరువులో యాభయ్యో వంతు ఉండే మెదడు ఒంటి శక్తిలో అయిదో వంతు వాడుకుంటుంది, రోజుకు సుమారు నూట ఇరవై గ్రాముల గ్లూకోజు. కాలేయంలో దాచినది ఒకరోజుకే అయిపోతుంది. తర్వాత కండను కరిగించి కొంత, కొవ్వు నుంచి వచ్చే కీటోన్లతో మిగతాదీ నడుస్తుంది. 1960లలో జార్జ్ కాహిల్ దీన్ని కొలిచి చూపించాడు. కాబట్టి పదిహేను రోజుల పస్తులో శ్వేతకేతువు మెదడు తన ఒంటినే తింటూ ఉండాలి. ఈ ప్రయోగం తేల్చింది ఎంత? అన్నం లేనిదే మనసు పనిచేయదని తేలింది. అన్నమే మనసని తేలలేదు. వత్తికి నూనె కావాలి కనుక వెలుగు నూనేనని ఎవరూ అనరు. ఉద్దాలకుడు వాడిన అన్నమయం అన్న మాటలోని మయ ప్రత్యయానికి వ్యాకరణం రెండు అర్థాలిచ్చింది: దానితో తయారైంది అని ఒకటి, దానితో నిండింది అని ఒకటి. ఆ రెండింటి మధ్య ఎంచుకునే పనిని ఉపనిషత్తు చదివేవారికే వదిలింది.

శ్వేతకేతువు తినివచ్చాక తండ్రి అడిగినవన్నీ చెప్పాడు. ఆ పూట కొత్తగా ఒంటబట్టింది కూడే. ఋక్కులు ఎప్పుడో ఒంటబట్టి, పదిహేను రోజులుగా మెతుకు కోసం కాచుకుని ఉన్నాయి.